ఎవరి డైరీ, ఎవరి భాగోతం!

“వాని భాగోతం బయటపెడ్త” అంటారు మన ఊళ్లల్లో. పంచాయితీ కాడ, కల్లు దుకాణం కాడ, ఆఖరికి అసెంబ్లీలో కూడా ఈ మాట వింటుంటాం. భాగోతం అంటే గుట్టు, మోసం, రంకు అని అర్థం వచ్చేసింది. రాత్రంతా మద్దెల మోగించి, తెల్లారేదాక చిందేసిన మనుషుల కళ పేరు తిట్టుగా ఎట్ల మారిందో, ఎవరు మార్చారో ఎన్నడన్న ఆలోచించినమా? కచేరి అనే మాట తిట్టు కాలేదు. అవధానం తిట్టు కాలేదు. మనోళ్లు ఆడింది మాత్రమే తిట్టయింది.

తన భాగోతం తానే రాసి పెట్టుకున్న ఒక ఇంగ్లీషు మనిషి పుస్తకం ఈమధ్య మా చేతికొచ్చింది. హైదరాబాదులో అబిడ్స్ కాడ ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పోస్తారు గదా, అక్కడ దొరికింది. నాటకాల విమర్శకుడు కెన్నెత్ టైనాన్ డైరీలు అవి. నిఘంటువు పక్కన పెట్టుకొని మూడు నెలలు చదివినం. “నల్లగొండ, పాలమూరు వాడలోళ్లకు లండన్ నాటకాల ముచ్చట ఎందుకు సారూ?” అంటారేమో. మేము కూడా మొదట అట్లనే అనుకున్నం. జర ఓపిక పట్టండి.

ఈ టైనాన్ 1927లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. నడిమి పేరు పీకాక్, అంటే నెమలి. పేరుకు తగ్గట్టే ఆక్స్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు ఊదారంగు సూటు, బంగారు రంగు సిల్కు చొక్కా వేసుకొని తిరిగేవాడట. నత్తి ఉన్న మనిషి. మాట తడబడేది గాని కలం తడబడేది కాదు. నాటకం చూసి దాని మంచి చెడు పేపర్లో రాయడం ఆయన ఉద్యోగం. ఆయన మెచ్చితే నాటకం నిలిచేది, ఈసడిస్తే నటులు నెలల తరబడి కుమిలేవాళ్లు. 1956లో జాన్ ఆస్బోర్న్ అనే కుర్రవాడు ఒక నాటకం రాశాడు. దాంట్లో రాజులు లేరు, దొరసానులు లేరు. ఇరుకు గది, ఇస్త్రీ బల్ల, సంతలో మిఠాయి దుకాణం పెట్టుకొని బతికే ఒక కోపిష్టి యువకుడు. చాలామంది పెద్ద విమర్శకులు ముక్కు విరిచారు. టైనాన్ మాత్రం ఈ నాటకం చూడాలనిపించని మనిషిని తాను ప్రేమించగలనో లేదో అన్నట్టు రాశాడు. ఆ వ్యాసంతో గాలి మారింది. కింది మనుషుల యాస, కోపం ఇంగ్లండు రంగస్థలం మీదికి ఎక్కడానికి ఆ కలం ఒక నిచ్చెన అయింది. 1963లో అక్కడి నేషనల్ థియేటర్‌లో ఏ నాటకాలు ఆడాలో ఎంపిక చేసే కొలువులో ఆయన్నే పెట్టుకున్నారు.

ఇది బయటి మనిషి. డైరీలో ఉన్నది వేరే మనిషి. 1970 తర్వాత చనిపోయేదాక రాసుకున్నాడు. అప్పులు, అసూయలు, రాయలేకపోతున్నానన్న దిగులు, పెళ్లాం ఉండగా వేరే ఆడమనిషితో నడిపిన కొట్టుడు సరసం, ఊపిరితిత్తులు చెడిపోతున్నా మానలేని సిగరెట్టు, అన్నీ ఉన్నాయి. 1980లో కాలిఫోర్నియాలో చనిపోయాడు. యాభై మూడేళ్లు. ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత, 2001లో, జాన్ లార్ అనే మరో విమర్శకుడు సరిచూసి అచ్చు వేయించాడు. దాచుకోవలసిన కాగితాలు దుకాణంలోకి వచ్చాయి.

ఆయన పడకగది ముచ్చట మాకు అక్కరలేదు. ఆ పేజీలు గబగబా తిప్పేసినం. అయితే ఆయన పుట్టుక గురించి తెలిశాక మాత్రం ఆగిపోయినం. తండ్రి సర్ పీటర్ పీకాక్ పెద్ద వ్యాపారి, వారింగ్‌టన్ పట్నానికి మేయరుగా చేసినవాడు. అక్కడ ఆయనకు పెళ్లాం పిల్లలున్నారు. బర్మింగ్‌హామ్‌లో కెన్నెత్ తల్లితో వేరే పేరు మీద కాపురం చేశాడు. 1948లో తండ్రి చనిపోయినప్పుడు గాని కొడుక్కు ఈ సంగతి తెలవలేదు. శవాన్ని అసలు కుటుంబానికి అప్పగించవలసి వచ్చింది. పేరు లేని పుట్టుక ఏమిటో ఆ రంగు సూటు మనిషికి కూడా తెలుసు. అయినా ఆయనకు డైరీ దక్కింది. ఎందుకు దక్కింది?

డైరీ రాయాలంటే ఏం కావాలి? అక్షరం కావాలి. అది ఒక్కటే కాదు. బల్ల కావాలి, దీపం కావాలి, పొద్దుగూకినంక మనిషికి కొంచెం ఒంట్లో సత్తువ మిగలాలి. రాసిన కాగితం తడవని ఇల్లు కావాలి. రాసినవాడు పోయినంక “ఇది విలువైనది” అని దాచేవాళ్లు ఉండాలి. మన తెలుగులో గురజాడ అప్పారావు గారి డైరీలు కూడా అట్లనే మిగిలాయి. ఎక్కువ ఇంగ్లీషులో రాసుకున్నారు. ‘కన్యాశుల్కం’ రాసిన మనిషి, విజయనగరం రాజావారి కొలువులో ఉన్న మనిషి. 1915లో ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు అవసరాల సూర్యారావు గారు కష్టపడి వాటిని తెలుగు చేసి వెలుగులోకి తెచ్చారు. మంచి పని చేశారు. పద్యనాటకాలకూ వాటి నటులకూ విమర్శకుడిగా పురాణం సూరిశాస్త్రి గారు దొరికారు. ‘నాట్యాంబుజము’ లాంటి పుస్తకాలే రాశారు. ఎవరు రాగం ఎట్ల తీశారు, ఎవరు అభినయం ఎక్కడ చెడగొట్టారు అన్నది అచ్చులో ఉంది. మరి జాంబ పురాణం ఎవరు ఎట్ల ఆడారో ఏ పుస్తకంలో ఉంది?

మా వాడలో విమర్శకులకు కొదువ లేదు. మా చిన్నప్పుడు, 1985కూ 1990కీ నడుమ, చిందోళ్లు రెండేళ్లకోసారి వచ్చేటోళ్లు. ఎడ్లబండి మీద పెట్టెలు. పెట్టెల్లో పొనికి కట్టెతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు. మధ్యాహ్నం నుంచే చెట్టు కింద కూసొని మొకానికి అర్దళం పూసుకునేటోళ్లు. మేము పిల్లగాండ్లం చుట్టూ మూగి, నిన్న మా ఇంట్ల అంబలి తాగిన మనిషి మా కండ్ల ముందరనే రాజుగా మారుతుంటే నోరు తెరిచి చూసేటోళ్లం. రాత్రి గ్యాసులైటు, మద్దెల, తాళాలు. తెల్లారి ఎల్లమ్మ వేషం. మా నాయినమ్మ ముందు వరుసలో నేల మీద కూసునేది. తెల్లారి బాయి కాడ ఆమె తీర్పు చెప్పేది: “ఈసారి ఎల్లమ్మ కాలు బరువైంది. పోయినసారి ఆమెకు మట్టి అంటలె.” ఇంకో ముసలమ్మ ఒప్పుకునేది కాదు: “కాలు గాదు, గొంతు జారింది. నడుమ నీళ్లు తాగియ్యకపోతిరి.” బాయి కాడ గంటసేపు వాదన. లండన్ పేపర్లో టైనాన్ చేసిన పని అదే గదా! ఆయన తీర్పుకు కాలం కట్టి, జీతం ఇచ్చి, అచ్చు వేశారు. మా నాయినమ్మ తీర్పు బాయి నీళ్లల్ల కలిసింది.

జాంబ పురాణం చూడనివాళ్లకు ఒక మాట. అందులో జాంబవుడు బాపనాయనతో వాదానికి దిగుతాడు. భూమి పుట్టక ముందే నేను పుట్టిన, నువ్వెప్పుడు పుట్టినవో చెప్పు అని అడుగుతాడు. పంచలో కాదు, నడి రంగస్థలం మీద నిలబడి అడుగుతాడు. బడిలో సారు ముందర నోరు పెగలని మేము ఆ వాదం చూసినం. గెలిచేది ఎవరో తెలిసి కూడా ప్రతిసారీ ఊపిరి బిగపట్టి చూసినం. ఇంగ్లండులో మిఠాయి దుకాణపు కుర్రవాడు రంగస్థలం ఎక్కి అరవడానికి 1956 దాకా ఆగాల్సి వచ్చింది. మా జాంబవుడు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే అరుస్తున్నాడు. అయితే ఆ అరుపు గొప్పదని రాసేటందుకు ఒక్క కలం లేకపాయె.

ఇంతవరకు రాసి ఆపితే సుఖంగా ఉంటుంది. తప్పంతా పెద్దకులాలోళ్లది, మనం పోగొట్టుకున్నోళ్లం అని సంతకం పెట్టొచ్చు. కాని ఆ డైరీ మూడు నెలలు చదివినంక అట్ల ఆపబుద్ధి కాలేదు. తన పరువు తీసే మాటను తన చేత్తోనే రాసుకున్న మనిషి ఎదురుగా కూసున్నట్టుంది. కనుక మా మాట కూడా చెప్పాలె.

చిందోళ్లు ఎవరికి ఆడతారు? మాదిగలకు. మాదిగవాడలు వాళ్ల మిరాశి. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు అన్నది పంచుకొని ఉంటారు. ఆ హక్కులు చెక్కిన రాగిరేకులు తరతరాలుగా దాచుకున్న ఆశ్రిత కులాలున్నాయి. మనల్ని ఊరు అంటరానోళ్లన్నది. మనం చిందోళ్లను ఒక మెట్టు కింద కూసోబెట్టినం. డక్కలోళ్లను వాడ లోపలికే రానియ్యలె. వాళ్లు కిన్నెర మీటుకుంట మన పుట్టుక కథ మనకే చెప్పేటోళ్లు. పటం విప్పి మన తాతల తాతల పేర్లు చదివేటోళ్లు. మా నాయినమ్మ, ఎల్లమ్మ కాలికి మట్టి అంటొద్దని చూసిన ఆ నాయినమ్మే, డక్కలాయన జోలెలో జొన్నలు పైనుంచి పోసేది. చేతికి చెయ్యి తగలొద్దని. మేము చూసినం. చిన్నగున్నం, తప్పని తెలవలె. పెద్దయినంక తెలిసింది, అయినా ఇప్పటిదాక ఎక్కడా రాయలె.

ఇంకొకటుంది. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలయింది. ఆ ఊపు మా జిల్లాలకూ వచ్చింది. మేము డిగ్రీ చదువుతున్న రోజులు. వాడలో యువజన సంఘం పెట్టినం, మేమే రాతకోతలు చూసేది. 1998లో చిందోళ్లు బండి కట్టుకొని వచ్చినప్పుడు సంఘం కూసొని తీర్మానం చేసింది. భాగోతం అడుక్కునే బతుకు, మిరాశి బానిసత్వం, ఇగ నుంచి ఇచ్చేది లేదు, వాళ్ల పిల్లలను బడికి పంపుకొమ్మని చెప్పాలె అని. చెప్పింది మేమే. ఆ పెద్దాయన ఏమనలె. పెట్టెలు మళ్ల బండి మీదికి ఎక్కించి పోయిండు. వాళ్లకు ఆ పూట బువ్వ పెట్టిన ఇల్లు ఒక్కటి లేదు. మా నాయినమ్మ ఆ రాత్రి మాతో మాట్లాడలె. పొద్దున మాత్రం ఒక మాట అన్నది: “ఎల్లమ్మను ఎల్లగొట్టిండ్రు బిడ్డ.”

మేము అన్నదాంట్లో అబద్ధం లేదు. మనిషి గింజల కోసం ఇంకో మనిషి వాకిట్లో “అయ్యా” అని నిలబడొద్దు. ఇప్పటికీ అదే అంటాం. వేషం కట్టిన ఆడోళ్లను ఆట అయిపోయినంక ఎట్ల చూసేటోళ్లో కూడా మాకు తెలుసు. అయితే బానిసత్వం తీసేస్తున్నమని చెప్పినోళ్లం, బానిసను ఒక్క మాట అడగలె. మిరాశి బదులు ఏమిస్తమో చెప్పలె. డిగ్రీ చదువుతున్న పొగరుతో తీర్పిచ్చినం. మా వాడకు కేబుల్ టీవీ కూడా ఆ యేడే వచ్చింది, కనుక రాత్రుళ్లు బోసిపోయినట్టు ఎవరికీ అనిపించలె.

మరుసటి యేడు ఏం చేసినమో వినండి. అదే సంఘం చందాలేసి, పట్నం నుంచి హార్మోనియం మాస్టరును పిలిపించి, తెరలు కిరాయికి తెచ్చి, ‘సత్య హరిశ్చంద్ర’ పద్యనాటకం ఆడింది! అడుక్కునే కళ వద్దన్నోళ్లం, అద్దె కిరీటాలు పెట్టుకున్నం. నాటకంలో రాజు ఎందుకు ఏడుస్తాడు? రాజ్యం పోయినందుకు కొంత, ఆలుబిడ్డలు అమ్ముడుపోయినందుకు కొంత. అన్నిటికంటె, కాటికాపరి వీరబాహుకు అమ్ముడుపోయి చండాలుని సేవ చేయాల్సి వచ్చినందుకు. వీరబాహు తాగుబోతు వేషంతో వస్తే నవ్వులు. ఆ నవ్వినోళ్లంతా ఎవరు? మేమే. శ్మశానం సీను వచ్చినప్పుడు ‘వన్స్‌మోర్’ కొట్టినం. బలిజేపల్లి వారి నాటకంలో ఆ సీనుకు నటులు కలుపుకొని పాడే పద్యాలు గుర్రం జాషువావి. జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు లేకుంటే ఆ సీను నిలవదని పాత నటులే చెబుతారు. పద్యం మన కవిది, కూర్చున్నోళ్లం మనం, నవ్వులపాలైన కాటికాపరి మనోడే. ఇది మాకు అర్థం కావడానికి ఇంకో పదేండ్లు పట్టింది. ఆ రాత్రి పక్కన కూసొని, ఇది ఏం నాటకం రా అని గీసి అడిగే ఒక్క విమర్శకుడు మాకుంటే ఎంత బాగుండు!

బాబాసాహెబ్ కూడా తన బతుకులోని కొన్ని సంగతులు రాసి పెట్టుకున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే చిన్న పుస్తకం. ఆయన బతికుండగా అచ్చు కాలేదు, 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వేసింది. నిజాం రాజ్యంలోని దౌలతాబాదు కోటలో 1934లో చెరువు నీళ్లు ముట్టుకున్నందుకు జరిగిన గొడవ అందులో ఉంది. దానికంటె మమ్మల్ని పట్టుకున్నది 1929 చాలీస్‌గావ్ సంగతి. టాంగావాళ్లు అంటరానివాణ్ణి ఎక్కించుకోమన్నారు. మనోళ్లకు పౌరుషం వచ్చింది, మా నాయకుడు నడిచి రావడమా అని. టాంగా అద్దెకు తీసుకొని, తోలడం రాని మనిషి చేతికి పగ్గాలిచ్చారు. మోరీ దగ్గర బండి తిరగబడి అంబేడ్కర్ కాలు విరిగింది. ఆయన ఈ సంగతిని దాచలేదు. టాంగావాని కులపొగరునూ రాశారు, తన మర్యాద కాపాడబోయి తన ప్రాణం మీదికే తెచ్చిన మనోళ్ల తొందరనూ రాశారు. తిట్టలేదు, కప్పిపెట్టనూ లేదు.

మన ఉద్యమాల పుస్తకాలు ఇట్ల ఉన్నాయా? నాయకుని జీవితచరిత్ర తెరిస్తే పెండ్లి పత్రిక చదివినట్టుంటుంది. పుట్టిన తేది, ఫోటో, దండలు, ఊరేగింపు. ఎక్కడా ఒక్క తప్పు చేయలేదు, ఎవర్నీ నొప్పించలేదు. ‘శత్రువులకు ఆయుధమివ్వొద్దు’ అని కార్యకర్తలు అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు, మన చిన్న తప్పును పెద్ద చేసి చూపే పేపర్లున్నాయి. అయితే చిందోళ్లు, డక్కలోళ్లు మనకు శత్రువులు కారు గదా. వాళ్లకు మనం చేసింది మనమే రాయకపోతే రేపు వాళ్ల పిల్లలు రాస్తారు. రాయాలె కూడా. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమలుకొచ్చింది. 59 కులాలను మూడు గుంపులు చేసి, బాగా వెనుకబడ్డ 15 కులాలను మొదటి గుంపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. డక్కలి వాళ్లు అందులో ఉన్నారు. ముప్ఫై ఏండ్లు మాకు మా వాటా కావాలని కొట్లాడినోళ్లం, మా వెనక నిలబడ్డోళ్ల లెక్క ఏమిటని ఎన్ని మీటింగుల్లో మాట్లాడినం?

సర్కారు అప్పుడప్పుడు ఒక పేరు పిలుస్తుంది. 2022లో పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చింది. మా పాత పాలమూరు జిల్లా మనిషి. 2024లో నారాయణపేట దిక్కు దామరగిద్ద బుర్రవీణ దాసరి కొండప్పకు, జనగామ దిక్కు చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు ఇచ్చింది. సంతోషపడ్డం. అదే 2024 మే నెలలో మొగులయ్య హైదరాబాదు పక్కన తుర్కయంజాల్‌లో కూలిపని చేస్తున్న సంగతి పేపర్లలో వచ్చింది. నిజామాబాదు దిక్కు చిందుల ఎల్లమ్మ 2005లో చనిపోయింది. ఆమె నోటితో చెప్పిన జీవితం పుస్తకంగా వచ్చింది. చదువు రాని మనిషి మాట అట్ల దక్కింది, ఒకరు పక్కన కూసొని రాసినందుకు. నల్లగొండ, పాలమూరు వాడల్లో ఎల్లమ్మ వేషం కట్టినోళ్లు ఎందరో పోయారు. వాళ్ల పక్కన ఎవరూ కూసోలె. కూసోవలసినోళ్లం మేము, బి.ఎడ్. చేసి వేరేవాళ్ల పిల్లలకు శాకుంతలం కథ చెప్పుకుంట ఉన్నం.

పోయిన ఎండకాలం రెండు వందల పేజీల నోటుబుక్కు కొనుక్కొని, 1998లో మా వాడ నుంచి వాపస్ పోయిన ఆ పెద్దాయనను వెతుక్కుంట పోయినం. ఒక పట్నం బయట రేకుల ఇల్లు. కొడుకు ఆటో నడుపుతున్నడు. పెట్టె అటక మీద ఉంది, కిరీటం సగం చెదలు తిన్నది. మేము ఎవరమో చెప్పినం. ఆయన తలకాయ ఊపిండు, గుర్తుపట్టినట్టే. మంచినీళ్లు ఇప్పించిండు. తాగినం.

“తాతా, మీ మిరాశి ఊర్ల పేర్లు చెప్పు, రాసుకుంటం” అన్నం.

చెప్పుకుంట పోయిండు. ఏ ఊళ్లో ఏ ఆట, ఎవరింటి ముందర పందిరి, ఎవరు ఎన్ని కుంచాల వడ్లు. ఒక్క కాగితం లేకుండ చెప్పిండు. మా ఊరి పేరు వచ్చేసరికి ఆగిండు.

“మీ ఊరు తొంభై ఎనిమిది దాక అని రాయి సారూ. ఎందుకు ఆగిందో గూడ రాయి.”

రాసినం. సంఘం కూసున్నది, తీర్మానం చేసింది, చెప్పింది మేమే, ఏడుగురు మనుషులు బండి వెనకకు తిప్పుకొని పోయిండ్రు అని. ఆయనకు చదువు రాదు. మనుమరాలు తొమ్మిదో తరగతి, ఆ పిల్లను పిలిచి చదివి వినిపించమన్నడు. ఆమె గట్టిగ చదివింది. తాత కండ్లు మూసుకొని విన్నడు.

“ఏడుగురం గాదు” అన్నడు. “తొమ్మండుగురం వచ్చినం. ఇద్దరు సంకల పిల్లలు. వాళ్లను నువ్వు లెక్క పెట్టలె.”

ఏడు కొట్టేసి, పైన తొమ్మిది అని రాసినం.